బొంకుల కుక్క

రెండు రోజులు పని చూద్దామని తెచ్చుకున్న చారల కుక్కను శనివారం పొద్దున్నే వెనక్కి పంపేశారు. పంపింది లోర్నా. ఆమె తండ్రి ఐజక్ నాట్రస్‌కి మనసొప్పలేదు కాని, కూతురి ముఖంలో రక్తం లేకపోవడం చూశాక తాడు తనే యజమాని చేతికిచ్చాడు.

జరిగింది చిన్నదే. లోర్నా కూతురు బెతనీకి మూడేళ్లు. చెంచా పట్టుకుని వంటింట్లో తిరుగుతూ, అది జారి కుక్క గిన్నె పక్కన పడితే తీసుకోబోయింది. చారల కుక్క పళ్లు బయటపెట్టింది. కరవలేదు, గుర్రుమనలేదు కూడా. పిల్ల వెనక్కి జరిగేదాకా పళ్లు అలాగే చూపిస్తూ నిలబడింది.

"కరవలేదుగా" అన్నాడు ఐజక్, దాని యజమాని బండి మలుపు తిరిగాక.

"కరిచాక పంపమంటావా?"

"పనిలో అది బంగారమే తల్లీ. రెండు రోజుల్లో ఐదు కలుగుల దగ్గర నిలబడింది. ఐదింట్లోనూ కుందేళ్లున్నాయి."

"బంగారు కత్తి అని మెడ కోసుకుంటామా నాన్నా? పెరడంతా నీ ఫెర్రెట్ల గూళ్లే. కుక్క పడుకునేది ఈ పొయ్యి ముందే, నా పిల్ల ఆడుకునేదీ ఈ పొయ్యి ముందే. కొండ మీద పని సంగతి నీది, ఇంట్లో మాట నాది. రెండింటికీ సరిపోయేది దొరికితే తెచ్చుకో. లేకపోతే కుక్క లేకుండా పట్టుకో నీ కుందేళ్లని."

కుక్క లేకుండా కుందేళ్లు పట్టడం ఎంత చాకిరో లోర్నాకూ తెలుసు, కోపంలో అన్నదంతే. ఒక గుట్ట మీద అరవై బొరియ నోళ్లుంటాయి. ఇవాళ కుందేళ్లు ఏ కలుగులో దూరి ఉన్నాయో మనిషి ముక్కుకి అందదు. పని తెలిసిన లర్చర్ జాతి వేటకుక్కయితే ఒక్కో నోటి దగ్గరా వాసన చూసి దాటిపోతూ, లోపల కుందేలున్న చోట మాత్రం చెవి ఒకవైపు వాల్చి, ముందు కాలు ఒకటి ఎత్తి, రాయిలా నిలబడిపోతుంది. అప్పుడు ఆ కలుగు నోళ్లన్నిటికీ సంచివలలు పరిచి, మేకులు దిగగొట్టి, ఫెర్రెట్‌ని లోపలికి వదలాలి. ముంగిస చెల్లెల్లా ఉండే ఆ సన్నటి జంతువు తరిమితే కుందేళ్లు బయటికి దూకి వలలో పడతాయి. వల తప్పించుకున్నదాన్ని కుక్క పంటి గాటు పడకుండా ప్రాణంతో పట్టి తెస్తుంది. అలా పట్టుకురావడం ఒక ఎత్తు, లేనిచోట నిలబడకపోవడం పది ఎత్తులు. లేనిచోట నిలబడితే ముసలివాడు సగం రోజు వలలు పరుస్తాడు, మిగతా సగం తీస్తాడు. అలాంటిదాన్ని ఆ లోయలో బొంకుల కుక్క అంటారు.

అనేది ఐజక్ నాట్రసే. అరవై ఆరేళ్ల మనిషి, యాభై ఏళ్ల పని. ఎవరు కుక్కను కొన్నా, పెంచినా, ముందు ఆయన దగ్గరికి తెస్తారు. మూడు కలుగుల దగ్గర దాన్ని నిలబడనిస్తాడు. మూడుసార్లూ తన ఆడ ఫెర్రెట్ డచెస్‌ని లోపలికి పంపుతాడు. డచెస్ ఊరికే తిరిగొస్తే ఒకటి, మళ్లీ వస్తే రెండు, మూడోసారీ వస్తే ఆ కుక్క బొంకుల కుక్క. ఆ మాట పడ్డ కుక్కకు లోయలో ఇల్లు దొరకదు. ఈ మధ్య నికార్సైన కుక్కే పుట్టడం లేదని మూడేళ్లుగా ఆయన బాధపడుతున్నాడు. ఆయన బాధపడుతున్నాడు కాబట్టి లోయంతా బాధపడుతోంది.

ఆ మధ్యాహ్నమే జెన్నా పియర్ట్ వచ్చింది. రాళ్ల క్వారీలో లారీ నడిపే పిల్ల, ఇరవై ఆరేళ్లుంటాయి. చేతిలో తాడు, తాడు చివర గోధుమరంగు ఆడకుక్క. గరుకు వెంట్రుకలు, గ్రేహౌండు నడుము, గడ్డం కింద నాలుగు తెల్ల వెంట్రుకలు. గుమ్మంలోనే ఆగి, లోపలికి రమ్మనేదాకా రాలేదు, కుక్కా మనిషీ కూడా.

"కుక్క కావాలని విన్నాను నాట్రస్ గారూ. దీని పేరు టాన్సీ. మీకు గుర్తుండే ఉండాలి."

ఐజక్ దాన్ని చూశాడు. గుర్తుంది. రెండేళ్ల కిందట, హోప్ గుట్ట మీద. "ఇది నేను చూసిన కుక్కే."

"చూసి పేరు పెట్టిన కుక్క. అప్పట్నుంచి మూడిళ్లు తిరిగింది. ఎవరో సరదాపడి తీసుకుంటారు, పదిరోజులకి మీరన్న మాట ఎవరో చెవిలో వేస్తారు, తెచ్చి మా గుమ్మానికి కట్టేసి పోతారు. పిచ్చికుక్క అని ముద్ర వేసి చంపినట్టుంది."

"నేను చూసిందే చెప్పానమ్మాయ్."

"కాదనను. మా ఆయనకి ఊరవతల పట్నంలో పని దొరికింది. మూడో అంతస్తులో ఇల్లు, కుక్కలు కూడదన్నారు. వచ్చే శనివారం ఇల్లు ఖాళీ చెయ్యాలి. దిక్కులేని కుక్కల్ని ఉంచుకునేచోట అడిగాను, నిండిపోయిందన్నారు. మీరూ వద్దంటే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ప్రాణం పోయే సూది వేయించడమే. శనివారం పొద్దున టైము కూడా తీసుకున్నాను." ఆమె గొంతు వణకలేదు. ముందే ఏడ్చేసి వచ్చింది కాబోలు.

"అందరూ పోయి నా దగ్గరికే తెచ్చావేం?"

"మీ మాట మీద పోయిన పేరు కదా. ఇంకెవరి మాట మీదా తిరిగిరాదు."

లోర్నా చేతులు తుడుచుకుంటూ వచ్చి, గిన్నెలో మాంసం ముక్కలు వేసి పొయ్యి ముందు పెట్టింది. టాన్సీ తినబోతుండగా బెతనీని వదిలింది. పిల్ల తిన్నగా పోయి గిన్నెలో చెయ్యి పెట్టింది. కుక్క తల పక్కకు తీసి నిలబడింది. పిల్ల ఒక ముక్క తీసి దాని పెదవుల మధ్య కుక్కింది, ముక్కతోపాటు మూడు వేళ్లు కూడా. టాన్సీ వేళ్లు బయటికొచ్చేదాకా నోరు తెరుచుకునే ఉండి, తర్వాత నమిలింది.

"నోట్లో వేలు పెడితే కొరకదంటే సామెతే అనుకున్నాను" అంది లోర్నా. "నాన్నా, ఇదే."

"ఇంట్లో మంచిదే. కొండ మీద బొంకుతుంది."

"నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్లు."

"నేను పట్టిన కుందేళ్లకి నాలుగూ ఉంటాయి. చట్టిలో ఉడుకుతున్నాయి, లెక్కపెట్టుకో." అని టాన్సీ వంక మరోసారి చూసి, "సరే. ఇంకో మూడుసార్లు చూస్తాను. అందరికీ ఇచ్చేది మూడే. దీనికి వీటితో ఆరవుతాయి" అన్నాడు.

జెన్నా తాడు లోర్నా చేతికిచ్చి, కుక్క తల నిమరకుండానే వెళ్లిపోయింది. నిమిరితే వెళ్లలేనని కావచ్చు.

*

సోమవారం కొండకి విల్ఫ్ కూల్థర్డ్ తోడొచ్చాడు. క్వారీ పని పోయి ఏడాదైంది. ఐజక్ వలలు మోసి, పంపకంలో రెండు కుందేళ్లు ఇంటికి తీసుకెళ్తాడు, అదే వాళ్లింట్లో మాంసం. నలభై దాటిన మనిషి, ఐజక్ కనపడితే ఇప్పటికీ టోపీ అంచు వేలితో తాకుతాడు.

గాలి ఈశాన్యం నుంచి సన్నటి మంచుతుంపరతో కొడుతోంది. రాతిగోడ పక్కగా ఇద్దరూ గుట్ట కిందికి గాలికి ఎదురుగా వచ్చారు, తమ వాసన కలుగుల్లోకి పోకుండా. మాటల్లేవు, చేతి సైగలే. టాన్సీ తాడు విప్పగానే పరిగెత్తలేదు. ఒక్కో నోటి దగ్గరా ముక్కు దించి, ఊపిరి తీసి, దాటిపోయింది. పదకొండు నోళ్లు దాటింది. పన్నెండో దాని దగ్గర చెవి వాల్చింది. ముందు కాలు లేచింది.

విల్ఫ్ ఐజక్ వంక చూశాడు. ఐజక్ తల ఊపాడు. ఆ కలుగుకి తొమ్మిది నోళ్లు. ఇద్దరూ మోకాళ్ల మీద పాకుతూ ఎండు ఫెర్న్ ఆకులు తప్పించి, వలలు పరిచి, మేకులు బొటనవేలితో నొక్కారు. సుత్తి వాడితే కిందకి చప్పుడు పోతుంది.

అప్పుడు పెట్టె తెరిచి డచెస్‌ని తీశాడు ఐజక్. మీగడరంగు ఒళ్లు, ఎర్ర కళ్లు, ఎనిమిదేళ్లు. రోజు పనికి ఇప్పుడు దాన్ని తీయడు. అందుకు రెండు పడుచు ఫెర్రెట్లున్నాయి. అవి కుందేలు మాంసం పీక్కుతింటాయి, డచెస్‌కి మాత్రం వయసుకి మర్యాదగా పాలలో నానిన రొట్టె. రోజంతా గూట్లో పడుకునే డచెస్ కొండెక్కేది తీర్పు చెప్పడానికే. ఆయన దాని ముఖాన్ని తన మీసానికి ఆనించి, నోటి మీద ఊది, వల కింద నుంచి లోపలికి జార్చాడు.

నేలకి చెవి ఆనించి పడుకున్నారు. లోపల కుందేలు కదిలితే దడదడమని పాదాల చప్పుడు వస్తుంది. ఏమీ రాలేదు. టాన్సీ కాలు దించలేదు. పావుగంటకి డచెస్ దూరిన నోటి నుంచే తిరిగొచ్చి, మట్టి దులుపుకుని, ఆవులించింది.

"ఒకటి" అన్నాడు ఐజక్.

విల్ఫ్ డచెస్‌ని ఎత్తి ఇస్తూ ఆగాడు. "దీని పొట్టకి ఏదో బూడిదరంగు వెంట్రుకలున్నాయి పెద్దాయనా."

"పాత గూటిలో పొర్లుంటుంది. కుందేలు ఉంటే ఇది ఊరుకునే రకమా?"

"పడుచుదాన్ని ఒకసారి పంపి చూద్దామా?"

"తీర్పు మీద తీర్పా?"

విల్ఫ్ నవ్వి టోపీ అంచు తాకాడు. వలలు చుట్టుకున్నారు. కుక్క ఇంకా నిలబడే ఉంది. ఐజక్ మెడ పట్టుకుని లాగితే వచ్చింది కాని, పది అడుగులు నడిచి వెనక్కి తిరిగి చూసింది.

"మా కుక్క స్మోక్ గాడూ ఇంతే" అన్నాడు విల్ఫ్, గోడ చాటున టీ సీసా విప్పుతూ. "నువ్వు చూసి చెప్పాక కూడా గుట్ట దాటి రానని మొండికేశాడు. కిందటేడు ఇదే నెల. ఇంటికెళ్లి గోడ వెనక కాల్చేశాను." కాసేపు టీ ఊదుకున్నాడు. "నా చిన్నది ఇప్పటికీ నా చేతి బిస్కెట్టు తీసుకోదు. వాళ్లమ్మ చేతికిచ్చి ఇప్పించాలి. ఏం చేస్తాం, పిల్లలకేం తెలుసు. పని చెయ్యని కుక్కకి నా ఇంట్లో తిండెక్కడ? నువ్వు చెప్పబట్టి సరిపోయింది, లేకపోతే ఇంకో ఏడు మేపేవాణ్ణి. నీ మేలు మర్చిపోను పెద్దాయనా."

"మేలుదేముంది" అన్నాడు ఐజక్. ఆయనకి ఆ మాట నచ్చింది కూడా. నిజం దాచడమెందుకు.

బుధవారం రెండో కలుగు. ఆ రోజు డచెస్ లోపల ఇరవై నిమిషాలుంది. వచ్చి, వెచ్చగా ఉన్న తన ఒంటిని ఐజక్ అరచేతిలో చుట్టుకుని నిద్రపోయింది. "రెండు" అన్నాడాయన. అంత చలిలో అదెందుకు అంత వెచ్చగా ఉందని ఆలోచించలేదు. తన సొంత జంతువు వెచ్చగా ఉంటే ఎవరికైనా హాయిగానే ఉంటుంది, అనుమానం రాదు.

ఇంటికొచ్చేసరికి చీకటి పడుతోంది. టాన్సీ పొయ్యి ముందు పడుకుంటే బెతనీ దాని పొట్ట మీద తలపెట్టి, చెవిని తన బుగ్గ మీదికి దుప్పటిలా లాక్కుంది. లోర్నా తండ్రి ముందు పళ్లెం పెట్టి, "రెండా?" అంది.

"రెండు."

"ఇది బొంకుతోందని నాకు నమ్మకం లేదు నాన్నా. బొంకేవాళ్లు నీ కళ్లెదుట ఇంత హాయిగా నిద్రపోలేరు."

"కుక్క గురించి మాట్లాడుతున్నావా, బెతనీ వాళ్ల నాన్న గురించా?"

"ఇద్దరినీ చూశాను కాబట్టే చెబుతున్నాను" అంది లోర్నా. ఐజక్ రొట్టె ముక్కతో పళ్లెం తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఆయనకీ ఆ కుక్క మీద మనసు పడింది. పొయ్యి ముందు దాన్ని చూస్తే కాళ్ల నొప్పి తగ్గినట్టుంటుంది. కాని లోయలో అందరి కుక్కలకీ ఒక కొలత, తన ఇంటి కుక్కకి ఇంకో కొలతా? అలా చేస్తే తన మాటకి విలువేముంటుంది?

*

గురువారం విల్ఫ్ రాలేదు. ఐజక్ ఒక్కడే టాన్సీని తీసుకుని లో హోప్ అనే పొలం పైగుట్టకు వెళ్లాడు. మూడోసారి కుక్క నిలబడింది. ఏడు నోళ్లు. ఒంటరి మనిషికి గంట పట్టింది. డచెస్ వల కింద నుంచి దూరింది.

పావుగంటైంది. అరగంటైంది. గంటకి నోటి దగ్గర మోకరించి పెదవులతో చిచిచి మని పిలిచాడు, పాల సీసా మూత తీసి వాసన చూపించాడు. రాలేదు. మంచుతుంపర గట్టిపడి గులకరాళ్లలా తగులుతోంది. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో ఆ పనివాళ్లందరికీ తెలుసు. మగ ఫెర్రెట్‌కి మెడపట్టీ కట్టి, గజానికో ముడి వేసిన తాడు తగిలించి లోపలికి పంపాలి. అది ఆడదాన్ని వెతుక్కుంటూ పోతుంది. ఎన్ని ముళ్లు లోపలికి పోయాయో, ఎటు తిరిగాయో చూసి పైనుంచి తవ్వాలి. రెండో పెట్టెలోని మగదాన్ని పంపాడు. నాలుగు ముళ్లు పోయాయి, తాడు ఏ వేరుకో చుట్టుకుంది. బతిమాలి, బుజ్జగించి, అరగంట లాగి మగదాన్ని వెనక్కి తెచ్చుకోగలిగాడు, అదే మహాభాగ్యం.

డచెస్ ఈ చలిలో, ఈ కలుగులో. రాత్రికి నేల గడ్డకడుతుంది. నక్క తిరిగే గుట్ట. ఐజక్‌కి ఏడుపొచ్చింది, ఎవరూ లేరు కాబట్టి ఆపుకోలేదు.

పార తీశాడు. నాలుగు ముళ్లంటే నాలుగు గజాలు, తాడు ఎడమకి తిరిగింది. యాభై ఏళ్ల లెక్క. ఎడమవైపు రెండడుగులు తవ్వేసరికి పార బండరాయికి ఖంగుమంది. పక్కన తవ్వాడు. అక్కడా రాయే.

నడుము నిటారుగా చేసి చూస్తే టాన్సీ నోళ్ల దగ్గర లేదు. పైన, ఏ బొరియా లేని పచ్చిక మీద, ఆయనకి పన్నెండడుగుల దూరంలో నిలబడి ఉంది. చెవి వాలింది. కాలు లేచింది.

"ఇటు రా" అన్నాడు. వచ్చింది, మట్టి చెయ్యి నాకింది, తిరిగి వెళ్లి అక్కడే నిలబడింది.

"అక్కడ బొరియే లేదే పిచ్చిదానా. ఇటు రా." వచ్చింది. మళ్లీ వెళ్లింది. మూడోసారి పిలిస్తే రాలేదు. అక్కడి నుంచే ఆయన వంక చూసింది. రెండేళ్ల కిందట హోప్ గుట్ట మీద మెడ పట్టి లాక్కొచ్చినప్పుడూ ఇలాగే చూసింది కాబోలు, అప్పుడు ఆయన దాని ముఖం చూడలేదు.

బొంకుల కుక్క మాట మీద గుట్ట తవ్వాడని తెలిస్తే లోయంతా నవ్వుతుంది. తవ్వకపోతే డచెస్ లేదు. ఐజక్ పార భుజాన వేసుకుని పైకి నడిచాడు. కుక్క పక్కకు జరిగి, కాలు ఎత్తిన చోటు వదిలిపెట్టింది. సరిగ్గా అక్కడ పార దించాడు.

రాయి తగల్లేదు. అడుగు, రెండడుగులు, మెత్తటి నల్లమట్టి. మూడడుగుల లోతున పార ఒక్కసారిగా జారి గుల్లలో పడింది. ఆయన బోర్లా పడుకుని భుజం దాకా చెయ్యి దూర్చాడు. వెచ్చటి బొచ్చు తగిలింది. డచెస్‌ది కాదు. పొడుగు చెవి. దాని పక్కన ఇంకో చెవి. ఆ వెనక ఇంకొకటి. దారి మూసుకుపోయిన మూలలో నాలుగు కుందేళ్లు ఒకదాన్నొకటి ఒత్తుకుని, గుండెలు టకటకా కొట్టుకుంటూ ఉన్నాయి. వాటి మధ్యన, చలికాలం పరుపు మీద ముసలమ్మలా, డచెస్ చుట్ట చుట్టుకుని నిద్రపోతోంది.

బయటికి తీశాడు. అది కళ్లు చికిలించి ఆవులించింది. ఆ ఆవులింతలో ఐజక్ మొదటిసారి దాని నోట్లోకి చూశాడు. కోరలు లేవు. రెండు ఊడిపోయాయి, రెండు చిగురుదాకా అరిగి పసుపుపచ్చగా ఉన్నాయి. కొత్తగా అరిగినవి కావు. అది కుందేలుని కరవలేదు, తరమలేదు. కుందేళ్లకి కూడా ఆ సంగతి తెలిసిపోయి దాని పక్కన అలాగే కూర్చున్నాయి. పాలలో నానిన రొట్టె పెట్టే చెయ్యి దాని పళ్లని ఏనాడు చూసింది కనక?

గోతి నుంచి ఒక కుందేలు దూకి ఆయన మోచెయ్యి మీదుగా పారిపోయింది. టాన్సీ నాలుగు అంగల్లో అందుకుని, వెనక్కి తెచ్చి, ఆయన ఒళ్లో పెట్టింది. ప్రాణంతో ఉంది. ఒంటి మీద ఒక్క తడి మచ్చ తప్ప గాటు లేదు.

ఐజక్ మిగతా మూడింటి జోలికి పోలేదు. ఒళ్లో ఉన్నదాన్నీ వదిలేశాడు. జాలి కాదు, మెడ విరిచే బలం చేతుల్లో లేదు. మట్టిలో కూర్చుని కుక్క గడ్డాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. "తప్పు నాదే తల్లీ" అన్నాడు. "తప్పు నాదే."

శుక్రవారం పొద్దున విల్ఫ్‌కి చెప్పకుండా పడుచు ఫెర్రెట్‌ని తీసుకుని సోమవారం కలుగుకి వెళ్లాడు. టాన్సీ నిలబడింది. ఐదు కుందేళ్లు దూకాయి. బుధవారం కలుగుకి వెళ్లాడు. మూడు దూకాయి. ఎనిమిదింటిని కర్రకి వేలాడదీసుకుని ఇంటికి నడుస్తుంటే, ఎన్నడూ లేనిది, అవి బరువనిపించాయి.

*

శనివారం జెన్నా డాక్టరు దగ్గరికి వెళ్లే బట్టల్లో వచ్చింది. వంటింట్లో టాన్సీ ఎడమ చెవికి బెతనీ మేజోడు తొడిగి ఉంది. కుక్క తోక ఊపుతూ వెళ్లి జెన్నా మోకాలికి తల ఆనించింది.

"కుక్క ఇక్కడే ఉంటుంది" అన్నాడు ఐజక్. "మూడుసార్లూ నిజమే చెప్పింది. అప్పటి మూడూ నిజమే అయుంటాయి. నా ఫెర్రెట్‌కి కోరల్లేవమ్మాయ్. అది నేను చూసుకోలేదు."

జెన్నా ఆయన ముఖం వంక చూసింది. "రెండేళ్లు" అంది.

"అవును."

"మూడిళ్లు. ఒకాయన దీన్ని వానలో గేటుకి కట్టేసి పోయాడు. పొద్దున నేను చూసేదాకా అలాగే ఉంది. మీరు తప్పైందంటే సరిపోతుందా?"

"సరిపోదు."

"సరే, అదైనా తెలుసు మీకు." ఆమె వంగి, ఈసారి కుక్క తల రెండు చేతులా నిమిరి, మేజోడు సరిచేసింది. "రాత్రుళ్లు ఉరిమితే భయపడుతుంది. బల్ల కింద చోటివ్వండి." లోర్నా ఆమెని గేటు దాకా సాగనంపి, పట్నం నుంచి ఎప్పుడొచ్చినా కుక్కని చూసి పొమ్మని రెండుసార్లు చెప్పింది.

తిరిగొచ్చి టీ పోస్తూ, "చారల కుక్కని డచెస్‌తో చూడలేదేం నాన్నా?" అని అడిగింది.

"అది పేరున్నవాడి కుక్క. ముందే మంచి పేరుంది. దానికి తీర్పెందుకని పడుచువాటితోనే పనికి తీసుకెళ్లాను."

"పేరున్నదానికి పళ్లున్న ఫెర్రెట్, పేరు లేనివాటికి పళ్లు లేనిదన్నమాట." ఆమె వేళాకోళంగా అనలేదు, మెల్లగా అంది. కప్పు ఆయన ముందు పెట్టింది. "ఈ మూడేళ్లలో డచెస్‌తో ఎన్నింటిని చూశావు?"

ఐజక్ వేళ్లు మడిచాడు. టాన్సీ ఒకటి. పై ఊరి హాడ్సన్‌ల జంట కుక్కపిల్లలు, ఎవరికో దూరంగా ఇచ్చేశారు. చాకలి బండి నడిపే అతని నల్లది, గొలుసున పడుంది ఇప్పటికీ. నాలుగు. ఐదో వేలు మడవలేదు. బల్ల మీద అలాగే నిలబెట్టి దాని వంక చూస్తూ కూర్చున్నాడు. టీ చల్లారిపోయింది.

"నాన్నా" అంది లోర్నా.

"కోటు ఇలా ఇవ్వు."

"చెప్పకపోతే విల్ఫ్‌కి తెలిసే దారి లేదు. చెబితే ఇప్పుడు వాళ్లకి ఒరిగేదేముంది? ఆలోచించావా?"

"ఆలోచించాను. వారం వారం నాకు టోపీ తాకుతున్నాడు లోర్నా. మేలు మర్చిపోనంటున్నాడు. నా వలలు మోస్తున్నాడు."

లోర్నా కోటు తెచ్చి, గుండీలు తనే పెట్టింది. టాన్సీ పిలవకుండానే లేచింది.

కూల్థర్డ్‌ల ఇల్లు వరసలో చివరిది, వెనక రాతిగోడ, గోడ వెనక కొండ. మధ్యాహ్నం భోజనాల వేళ. కిటికీలోంచి పళ్లేల చప్పుడు, పిల్లల మాటలు వినిపిస్తున్నాయి. ఐజక్ తలుపు తట్టాడు. విల్ఫ్ చొక్కా చేతులు పైకి మడుచుకుని, నోట్లో ముద్దతోనే తలుపు తీసి, ఐజక్‌ని చూడగానే లేని టోపీ కోసం నుదుటి మీదికి వేలు పోనిచ్చాడు.

"ఏంటి పెద్దాయనా, దీన్ని ఉంచుకున్నావా? మూడోది ఏమైంది?"

"విల్ఫ్, ఇది బొంకలేదు. లోపల కుందేళ్లున్నాయి. డచెస్‌కి కోరల్లేవు. కుందేళ్ల పక్కన పడుకుని లేచి వస్తోంది. ఎన్నేళ్లుగానో." ఆయన ఊపిరి తీసుకున్నాడు. "నీ స్మోక్‌ని చూసింది డచెస్‌తోనే."

విల్ఫ్ నమలడం ఆపాడు. అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమవుతున్న కొద్దీ అతని చెయ్యి నుదుటి మీది నుంచి మెల్లగా కిందికి దిగింది. టాన్సీ వంక చూశాడు, గోడ వంక చూశాడు, మళ్లీ టాన్సీ వంక చూశాడు. కొడతాడనుకున్నాడు ఐజక్. కొడితే బాగుండనుకున్నాడు.

"ఎవరు నాన్నా?" లోపలి నుంచి చిన్న గొంతు.

విల్ఫ్ ముద్ద మింగి, తలుపుకి అడ్డంగా ఉన్న తన ఒళ్లు పక్కకి తప్పించాడు.

"పిల్లలు బల్ల దగ్గరున్నారు" అన్నాడు. "వాళ్లకి నువ్వే చెప్పు."

ఐజక్ బూట్లు గుమ్మానికి రాసి మట్టి దులిపాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని లోపలికి వెళ్లాడు.